చెరువు కడుపులో చెలక

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు తన మీద పడిన వానతోనే నిండే చెరువు కాదు. ఎక్కడో పడమట పారవలసిన నీటిని కాలువలోకి మళ్లించి ఇక్కడికి తెచ్చారు. కట్ట కింద వరి పండించేవాడికి ఆ కాలువ తాతలనాటి వరం. కందుకూరు వైపు, ఆ కాలువకు తన వాగును పోగొట్టుకున్నవాడు దానికి వేరే పేరు పెడతాడు.

ఆ వాగుకు అడ్డంగా రాళ్లతో ఒక కట్ట వేశారు. అక్కడివాళ్లు దాన్ని కత్వ అంటారు. కత్వకు పైన నీళ్లు, కత్వకు కింద ఇసుక. పారే నీరు లేకపోవడంతో ఇసుక కింది ఊట పోయింది. ఊట పోవడంతో ఒడ్డు బావులు అడుగంటాయి. ఒడ్డున ఈతచెట్లు మొవ్వులోనే మాడాయి, చేపలు పట్టేవాళ్లు వలలను దూలానికి వేలాడదీసి కూలికి పోయారు. కాలువ తవ్వించిన పెద్దలకు ఇది తెలియక కాదు. చెరువు కింద ఎన్ని మడులు తడుస్తాయో చూసుకున్నారు. వాగు వెంట ఎన్ని ఎండుతాయో చూడడం వాళ్ల పని అనుకోలేదు.

బుగ్గమ్మ పుట్టింది ఆ ఎండిన వాగు ఒడ్డున, మెట్టింది ఈ నిండిన చెరువు కింద. ఆమె మా తాత శివయ్యకు వదిన. ఆమె భర్త దశరథ, ఊరి పటేలుకు చెందిన మడిని కౌలుకు చేసేవాడు. కాలువలో పూడిక తీయడానికి ప్రతి వేసవిలో ఊళ్ల నుంచి మనుషులను వెట్టికి తోలేవారు. అలా పోయిన దశరథ మీద ఒకనాడు కాలువ ఒడ్డు విరిగి పడింది. ఆడమనిషికి కౌలు ఇచ్చే అలవాటు పటేలుకు లేదు కనుక ఆ మడి తమ్ముడు శివయ్య చేతికి వచ్చింది. బుగ్గమ్మ అదే మడిలో కూలిమనిషి అయింది.

పందొమ్మిది వందల నలభై ఏడు వానాకాలానికి పల్లెల్లో దొరలను ఎదిరించే సంఘం బలపడింది. పటేలు పెట్టె బేడా సర్దుకొని హైదరాబాదు చేరాడు. వాగు ఊరివాళ్లు గడ్డపారలు పట్టుకుపోయి కత్వను తెగ్గొట్టారు. వాళ్లలో బుగ్గమ్మ తమ్ముడు నారయ్య ఉన్నాడు. వాగు తన పాత దారిన తాను పారింది, అక్కడి బావులు ఊరాయి. ఇక్కడ పెద్దచెరువు నడిమి గుంటలు మినహా ఎండి, పెంకులు పెంకులుగా పగిలింది.

రెండు చోట్లా ఉన్నది ఒకే సంఘం. వాగు ఊరికి అది చేసిన న్యాయం ఇక్కడ శివయ్య మడిని ఎండబెట్టింది. శివయ్య దొర కాదు, దొర మనిషి కూడా కాదు. కౌలు కట్టి మిగిలినదానితో పిల్లలను సాకేవాడు. అతనికి సంఘం ఏం జవాబు చెప్పాలి? ఇక్కడ సంఘం తరఫున మాట చెప్పేవాడు యోబు. మిషన్ బడిలో చదువుకున్న మనిషి, పాటలు కట్టేవాడు, తొందర ఎక్కువ. చెరువు ఎండిపోయింది కనుక చెరువు అడుగునే భూమి లేనివాళ్లకు పంచుదాం అన్నాడు. చెరువు అడుగు శిఖం భూమి, అంటే సర్కారు భూమి. సర్కారే కదలిపోతున్న రోజుల్లో ఆ అభ్యంతరం ఎవరికీ గుర్తు రాలేదు.

పగ్గంతో కొలిచి పంచిన రోజున బుగ్గమ్మకు తూముకు కొంత దూరంలో ఒక మూల వచ్చింది.

"బుగ్గక్కా, ఇగ ఈడ నిలవడు. ఈ మూల నీది," అన్నాడు యోబు.

"నాదా?"

"అవ్, నీదే. గట్ల నోరు తెరిస్తె ఈగలు జొరవడ్తయ్."

కట్ట మీద గొంతుక్కూర్చుని చూస్తున్న శివయ్య ఊరుకోలేకపోయాడు. "ఏం యోబూ, చెరువును పంచుతున్నవ్ సరే. రేపు మీదున్న మొగులును గూడ పంచుతవా?"

"దొరికితె పంచుతనే శివయ్యన్నా. నువ్వు గూడ ఒక తుకడ పట్టరాదు?"

"నాకు మడి ఉన్నది."

"మడిల నీళ్లున్నయా?"

శివయ్య లేచి తువ్వాలు దులుపుకొని వెళ్లిపోయాడు.

హద్దులు పాతాలంటే రాళ్లు కావాలి. ఒండ్రుమట్టిలో రాయి దొరకదు. కట్టకు లోపలి ముఖాన మాత్రం, అలలు మట్టిని కోయకుండా, పూర్వం ఎవరో రాళ్లు వరుసగా పరిచి పోయారు. నీళ్లే లేని చెరువులో అలలెక్కడివి? యోబు ఆ రాళ్లను పీకించాడు. ఆ రోజు ఇది తప్పని ఒక్కరూ అనలేదు. చెరువుల నడుమ పుట్టి పెరిగిన మనుషులు, కట్ట ముఖం ఎందుకు అలా ఉంటుందో చిన్ననాటి నుంచి తెలిసినవాళ్లు, నీళ్లు మళ్లీ వస్తాయన్న మాటను మనసులోకి రానీయలేదు. భూమి మీద అంత ఆశ ఉన్నచోట మరో ఆలోచనకు చోటుండదేమో.

హద్దురాయి పాతేటప్పుడు గుంటలో బొగ్గులు, వడ్లపొట్టు వేయడం ఇక్కడి ఆనవాయితీ. రాయిని దొంగతనంగా జరపవచ్చు. మట్టిలో కలిసిన బొగ్గును ఏరి తీయలేరు, అది కుళ్లదు కూడా. బుగ్గమ్మ తన పొయ్యిలోని బొగ్గులను, పిడికెడు పొట్టును కొంగున కట్టుకొని తెచ్చింది. ఆమెకు వచ్చిన మూలరాయికి నడుమ తెల్లటి చార ఉంది. దానికి పసుపు రాసి, బొగ్గులు పోసిన గుంటలో నిలబెట్టి, చుట్టూ మట్టిని మడమతో తొక్కింది.

మరుసటి ఏడు తొలకరికి ఆ ఒండ్రులో, వాన మీదే పండే చెలకగా, జొన్న విత్తారు. కత్వ తెగి ఉంది కనుక కాలువలో నీళ్లు రాలేదు. పడిన వాన మొలకలకు సరిపోయింది. ఏనాటి నుంచో పేరుకున్న మట్టి కదా, పైరు మనిషి ఎత్తు దాటింది. రజాకార్లు వస్తున్నారన్నప్పుడల్లా ఆడవాళ్లు పిల్లలను ఎత్తుకొని ఆ జొన్నలోనే దాక్కున్నారు. బుగ్గమ్మ చేను వదిలి ఇంటికి పోయిన రోజులు తక్కువ. పిట్టలను తిడుతూ, పక్క చేనువాళ్ల మేకలను తిడుతూ, చివరికి బాగా ఏపుగా పెరిగినందుకు జొన్ననే తిడుతూ కాపు కాసింది. దిష్టి తగలకుండా ఆమెకు తెలిసిన ఉపాయం అదే.

సెప్టెంబరులో పటాలాలు వచ్చాయి. రజాకార్లు చెల్లాచెదరయ్యారు. జనం దారుల వెంట నిలబడి చేతులు ఊపారు, బుగ్గమ్మ కూడా ఊపింది. ఆ లారీల దుమ్ము అణగకముందే పటేలు తిరిగి వచ్చాడు. తర్వాత సంఘం మనిషని యోబును పటాలంవాళ్లు పట్టుకుపోయారు. అతని భార్య సుసన్న చంకలో బిడ్డతో ఠాణా దాకా నడిచి, అతను ఏ జైల్లో ఉన్నాడో కూడా తెలియకుండా తిరిగి వచ్చింది.

పెద్దల అమావాస్య పెత్రమాస దగ్గర పడుతుండగా, ఒకనాటి మధ్యాహ్నం నారయ్య కాలువ గట్టు వెంట దాదాపు పరుగున వచ్చాడు. మోకాళ్ల దాకా మట్టి.

"అక్కా, కొయ్యి. ఉన్నకాడికి కొయ్యి."

"ఏందిరా, దయ్యం పట్టిందా? కూసో. నీళ్లు తాగు."

"నీళ్లే వస్తున్నయక్కా. నేను వాటికంటె ముందుగాల ఉరికొచ్చిన. కాలువ ఎండి పర్రెలిచ్చింది గద, తాగుకుంట వస్తున్నది. రేపు పొద్దుగూకేవరకు ఈడుంటది."

"కత్వ తెగ్గొట్టిన్రు గదరా!"

"మళ్ల కట్టిన్రు."

"ఎవరు?"

నారయ్య బొబ్బలెక్కిన అరచేతులు చూసుకున్నాడు. "మేమే. మిల్ట్రీ వాళ్లు తుపాకులు వట్టుకొని ఒడ్డున నిలవడ్డరు. ఎవరు తెగ్గొట్టిన్రో వాళ్లే కట్టాలె అన్నరు. కట్టినం."

బుగ్గమ్మ అతని చేయి పట్టి చూసింది. "జర వదులుగ కట్టరాదురా?"

"ఈపుల తుపాకి మడిమె గుద్దుతుంటె వదులుగ ఎట్ల కడ్తనే!"

ఆమె ఒక కంకి విరిచి గింజను గోటితో నొక్కింది. తెల్లటి పాలు గోరు మీదికి వచ్చాయి. "ఇంక పాలే ఉన్నయ్. దసరా ఎల్లితె గింజ గట్టివడ్తది. గంతదాక ఆగితె సాలురా. నేను మొత్తానికే వద్దంటున్ననా?"

ఆమె నేరుగా శివయ్య దగ్గరికి పోయింది. కాలువ తిరిగి పారించమని ఆయకట్టు రైతులు పెట్టుకున్న అర్జీలో అతనూ వేలిముద్ర వేశాడు. పటేలు వేయమన్నందుకు మాత్రమే వేశాడనలేం. మడి ఎండిన ప్రతివాడూ వేశాడు.

"శివయ్యా, నువ్వు నాతోని రా. దసరా దాక నీళ్లు ఆపుమని జెప్పు. ఆయకట్టోళ్లే ఆగుమంటె ఎవడు కాదంటడు?"

"హస్త వానలొదినా. ఇయ్యే ఆఖరి వానలు. ఇప్పుడు పోయిన నీళ్లు దసరా ఎల్లినంక రమ్మంటె వస్తయా? చెరువు నిండకపోతె యాసంగి పంట లేదు."

"నా జొన్న మునుగుతది."

"పోయిన ఏడు నా వరి ఎండింది. పిల్లలు ఏం తిన్నరో నీకెరికే."

"ఎరికే. గంజి నేనే తెచ్చిన."

"తెచ్చినవ్. కాదన్ననా? గంజి తాగుకుంట ఎన్నేండ్లు బతకాలె?"

"మీ అన్నను మింగింది గా కాలువనే రా."

శివయ్య గొంతు తగ్గింది. "అన్నను మింగింది. నా పిల్లలకు బువ్వ పెట్టింది. నేనేం జెయ్యాలె, నువ్వే జెప్పు."

ఆమె కంకి గట్టిపడడానికి కావలసిన రోజులూ, అతని చెరువు నిండడానికి కావలసిన రోజులూ ఒకటే. అయినా శివయ్య చెప్పులు తొడుక్కొని ఆమె వెంట బయలుదేరాడు.

పటేలు వాకిట్లో కొత్తగా వచ్చిన అధికారి కుర్చీలో ఉన్నాడు. కోస్తా వైపు మనిషి, మర్యాదస్తుడు. బుగ్గమ్మ చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు.

"అమ్మా, మీరు సాగు చేస్తున్నది చెరువు గర్భమండీ. అందులో పంట వేసుకోమని మీకు ఎవరు చెప్పారు?"

"ఎవలు జెప్పలే. చెరువే ఎండి జెప్పింది."

పటేలు పెద్దగా నవ్వాడు. "సూసిన్రా సారు? ఇంగ జరసేపుంటె మిమ్ముల గూడ శిఖంల ఒక తుకడ వట్టుమంటది."

అధికారి నవ్వలేదు. ఉత్తర్వు పైనుంచి వచ్చిందని, తన చేతిలో లేదని అన్నాడు. ఆ మాట నిజమే కావచ్చు. ఆ పైనున్నవాళ్లు వాగునూ చూడలేదు, జొన్ననూ చూడలేదు. వాళ్లకు తెలిసినది ఒక పెద్దచెరువు ఎండిందని మాత్రమే. బుగ్గమ్మ శివయ్య వైపు చూసింది. శివయ్య పటేలు అరుగు కింద తన చెప్పుల వైపు చూస్తున్నాడు.

మర్నాడు సాయంత్రం నీళ్లు వచ్చాయి. హోరున రాలేదు. ముందు ఒక చీలికలోకి, తర్వాత మరో చీలికలోకి, ఎండుటాకులను తోసుకుంటూ నిదానంగా జొన్న మొదళ్ల చుట్టూ చేరాయి. జనం పాలకంకులనే కోశారు. కొందరు వాటిని కాల్చి పిల్లలకు పెట్టారు. మిగిలినవి గుడిసెల ముందు కుప్పపోస్తే వేడెక్కి పులిసిపోయాయి. బుగ్గమ్మ కొడవలి పట్టలేదు. నారయ్య కోయబోతే చేయి పట్టుకొని ఆపింది.

"పాలు తాగే పిల్లను కోస్తవారా? మునిగితె మునుగని. నా చేతితోని కొయ్య."

హస్త వానలు అందుకున్నాయి. కాలువ నిండుగా పారింది. నీరు పైకి లేచిన కొద్దీ పడమటి గాలి అలలను కట్ట మీదికి తోసింది. తూముకు దగ్గరలో, రాళ్లు పీకేసిన మేర, కట్ట మట్టి పెళ్లలు పెళ్లలుగా జారసాగింది. చెరువు నీళ్లకు కావలి ఉండే నీరడి గోపయ్య తడిసిన గొంగడితో ఊరి మీదికి పరుగెత్తి వచ్చి, ఇంటింటి ముందూ అరిచాడు. అప్పటికి పొద్దు ఇంకా నడినెత్తి నుంచి వాలలేదు. కట్ట కింద ఉన్నది శివయ్య మడి ఒక్కటే కాదు. కూలివాళ్ల గుడిసెలన్నీ అక్కడే, బుగ్గమ్మ గుడిసె కూడా.

ఇసుక బస్తాలు లేవు. గుట్ట నుంచి రాళ్లు తేవాలంటే బండ్లు బురదలో దిగబడుతున్నాయి. దగ్గరలో ఉన్న రాళ్లు ఒక్కచోటే ఉన్నాయి. నడుము లోతు నీళ్లలో నిలబడి తన జొన్న వైపు చూస్తున్న వదిన దగ్గరికి శివయ్య వచ్చాడు.

"వదినా, రాళ్లు గావాలె."

"ఎవని రాళ్లు?"

"చెరువు రాళ్లే."

"చెరువు రాళ్లు కావు. హద్దురాళ్లు. ముట్టినవంటె చేతులిరుగుతయ్."

"కట్ట తెగుతదే!"

"తెగని. నా చెల్క మళ్ల తేలుతది."

ఆమె అన్నది కోపంతో మాత్రమే కాదు. కట్ట తెగితే నిజంగానే ఆమె చెలక తేలుతుంది. శివయ్యకూ అది తెలుసు. అప్పుడు సుసన్న, బిడ్డను గట్టు మీద ఎవరికో ఇచ్చి, నీళ్లలోకి దిగింది.

"బుగ్గక్కా, రాళ్లు పీకిచ్చింది మా ఆయన అని ఊరంత అంటున్నరు. పటేలు వాకిట్ల గదే మాట. కట్ట తెగి ఒక్క పానం వోయినా, గది ఆయన మీదనే పెడ్తరు. ఇగ ఆయన జైల్ల నుంచి రాడక్కా."

బుగ్గమ్మ ఆమె ముఖం చూసింది. ఈ మూల నీది అని జీవితంలో తనతో అన్న మనిషి ఒక్కడే. ఆమె వంగి, నీళ్ల కింద చేతులతో తడిమి, తెల్లచార ఉన్న రాయిని పట్టుకుంది. ఒండ్రు దాన్ని వదలలేదు. నారయ్య సాయం రాబోతే కసిరింది. అటూ ఇటూ ఊపి, చెంపకు నీళ్లు తగిలేదాకా వంగి, తనే పీకింది. అది చూసి తక్కిన చేలవాళ్లు కూడా తమ రాళ్ల కోసం వంగారు. ఒకడు పీకుతూ పెద్దగా ఏడ్చాడు.

ఆమె రాయిని శివయ్య చేతుల్లో పెట్టింది. "ఏడ పెడ్తున్నవో యాది పెట్టుకో."

కట్ట నిలిచింది. ఆ యాసంగి ఆయకట్టు కింద వరి బాగా పండింది. శివయ్య ఇంట్లో పిల్లలు అన్నం తిన్నారు. ఆ పిల్లల్లో మా నాన్న ఒకడు. వాగు ఊళ్లో బావులు మళ్లీ అడుగంటాయి. నారయ్య పెళ్లాం పిల్లలతో దిగివచ్చి, తాను మళ్లించిన నీటితో పండిన వరిని కూలికి కోశాడు.

వేసవిలో చెరువు అంచులు తేలాయి. ఎండిన శిఖాన్ని ఆ ఏడు సర్కారు హర్రాజు వేలంలో పటేలు పట్టుకున్నాడు. అతని అరకలు దిగుతున్నాయని విని బుగ్గమ్మ పార తీసుకొని పోయింది. తూము వైపు నుంచి అడుగులు చూసుకొని, కొత్తగా పేరుకున్న ఒండ్రును తొలగించి తవ్వింది. వడ్లపొట్టు కుళ్లిపోయింది. బొగ్గులు మాత్రం పెట్టినచోటే, పెట్టినట్టే ఉన్నాయి.

పిడికెడు బొగ్గు పట్టుకొని ఆమె శివయ్యను పిలిపించింది. పటేలు మనుషులు అరకలు ఆపి చూస్తున్నారు.

"శివయ్యా, ఒక్క మాట జెప్పు. ఈడ నా రాయి ఉండె అని."

శివయ్య బొగ్గు వైపు చూశాడు, అరకల వైపు చూశాడు, కట్ట కింద తన మడి ఉన్న దిక్కు చూశాడు. ఆ మాట చెబితే కౌలు పోవచ్చు. కౌలు నిలిచినా, చెరువు అడుగున ఒక్కరికి హక్కు నిలిచిందంటే, వచ్చే వానాకాలం నీళ్లు ఆపమనే మనిషి ఒకరు తయారవుతారు. అతను ఇంత వివరంగా ఆలోచించి ఉండడు. మడి కట్టేవాడికి అది ఆలోచించకుండానే తెలుస్తుంది.

"బొగ్గు ఏడనన్న ఉంటదొదినా," అన్నాడు.

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని మా తాత ముసలితనంలో అనేవాడు. ఆమె బొగ్గును గుంటలోనే పోసి, మట్టి కప్పి, మడమతో తొక్కింది. తర్వాత అడిగింది: "రాయి ఏడ పెట్టినవో అదన్న జెప్తవా?"

అతను కట్ట మీదికి తీసుకుపోయి చూపించాడు. తూముకు పక్కన, నీటి అంచుకు కాస్త పైన, తెల్లచార పైకి కనిపించేలా పెట్టాడు. చుట్టూ రాళ్లు బిగిసిపోయాయి. దాన్ని తీస్తే కట్ట ముఖం మళ్లీ విప్పుకుంటుంది. బుగ్గమ్మ దాని మీద కూర్చుని చూసింది. లేచి, నీళ్లు చల్లి కడిగింది.

అప్పటి నుంచి బట్టలు ఉతికినా, పొద్దుటి జొన్న గటక తిన్నా ఆ రాతి మీదే. మా నానమ్మ నర్సింహమ్మకు ఈ పట్టింపు నచ్చలేదు. ఒకనాడు నలుగురు ఆడవాళ్లు చూస్తుండగా, కావాలనే చీరలమూట ఆ రాయి మీద దించి కూర్చుంది.

"కట్టేమన్న నీ తాతదా అక్కా? ఊరందరిదీ."

"కట్ట ఊరందరిదే," అంది బుగ్గమ్మ. "లెవ్వు నర్సింహమ్మా. నా చెల్కల గూసున్నవ్."

నర్సింహమ్మ చుట్టూ చూసింది. ఎవరూ నవ్వలేదు. ఆమె మూట తీసుకొని పక్కరాయికి జరిగింది.